పెళ్లికి ముందు ఒక రక్తపరీక్ష – మొదట అబ్బాయికి

(వార్షిక సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 ప్రతి ఏడూ ఈ సమయంలో మేము మందుల లెక్క, వైద్య శిబిరాల లెక్క చదివి కూర్చునేవాళ్లం. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరుగా అచ్చయ్యాయి, వీలున్నప్పుడు చూడండి. ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాం. ఆ విషయం రక్తం.

దీన్నే ఎందుకు ఎంచుకున్నామో ముందు చెబుతాం. సహాయం కోసం మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో, బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించాల్సిన కుటుంబాలు ఉన్నాయి. వారిని అడిగితే దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే: ‘బిడ్డకు వచ్చాకే ఈ జబ్బు పేరు విన్నాం. ముందే తెలుసుకునే దారి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.’ ఆ దారి ఉంది. అది ఒక చిన్న రక్తపరీక్ష. ఈ సభ నుంచి వెళ్లేవారిలో ఏ ఒక్కరూ రేపు ‘మాకు ఎవరూ చెప్పలేదు’ అనే పరిస్థితి రాకూడదన్నది మా కోరిక.

ఎర్రకణం బతుకు 120 రోజులు

నిహారీ తినేవాళ్లందరికీ నల్లీ బొక్క తెలుసు. దాన్ని తడితే లోపలి నుంచి మెత్తటి మూలుగ జారి పడుతుంది. మనిషి ఎముకల్లోనూ అలాంటి మూలుగే ఉంటుంది. ఎర్ర రక్తకణాలు పుట్టేది అక్కడే. ఒక్క సెకనులో 20 లక్షలకు పైగా కణాలు పుడుతుంటాయి, దాదాపు అన్నే చనిపోతుంటాయి. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒంట్లోని మూలమూలకూ మోస్తుంది. ఆ మోసే పని చేసేది కణం లోపలి హిమోగ్లోబిన్.

కణం ముసలిదైతే ప్లీహం, కాలేయం దాన్ని విరిచి, పనికొచ్చే ఇనుమును దాచి మళ్లీ కొత్త కణాలకు అందిస్తాయి. మిగిలింది పసుపు పచ్చని బిలిరుబిన్‌గా మారి, కాలేయం గుండా పైత్యంలో కలిసి బయటికి పోతుంది. ఇదంతా అల్లాహ్ మన ఒంట్లో పెట్టిన ఏర్పాటు. మనకు తెలియకుండానే నడుస్తుంది.

ఏదో ఒక కారణంగా కణాలు 120 రోజులు బతకకుండా, 20 రోజులకో 30 రోజులకో విరిగిపోతే ఏమవుతుంది? దాన్నే డాక్టర్లు హిమోలైసిస్ అంటారు. మూలుగ ఎంత కష్టపడినా కొత్త కణాలు చాలవు. మనిషి పాలిపోతాడు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. విరిగిన కణాల పసుపు ఒంట్లో పేరుకుని కళ్లు పచ్చబడతాయి. రక్తనాళాల్లోనే కణాలు పెద్ద ఎత్తున విరిగితే మూత్రం నల్ల చాయ్ రంగులో వస్తుంది. విరిచే పని ఎక్కువై ప్లీహం ఉబ్బుతుంది, ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగులుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు పడతాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. కళ్లు పచ్చబడగానే మనం ‘కామెర్లు’ అంటాం, కాలేయం చెడిందనుకుంటాం, పసరు మందుకు పరిగెత్తుతాం. కామెర్లన్నీ కాలేయం జబ్బు కాదు. రక్తం విరగడం వల్ల కూడా కళ్లు పచ్చబడతాయి. దుఆ చేయండి, దమ్ చేయించండి, ఎవరూ కాదనరు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆలస్యం చేయకండి.

రక్తం విరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. మలేరియా వల్ల విరుగుతుంది. గ్రూపు కలవని రక్తం ఎక్కిస్తే విరుగుతుంది. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే తర్వాతి కాన్పుల్లో బిడ్డ రక్తం విరిగే ప్రమాదం ఉంది. అందుకే కాన్పు తర్వాత 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు, దాన్ని మరవకండి. వీటిని పక్కన పెట్టి, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే మూడు జబ్బుల గురించి చెబుతాం.

మొదటిది: జి-6-పి-డి లోపం

పేరు నోరు తిరగదు కానీ విషయం తేలిక. ఎర్రకణాన్ని కొన్ని మందుల నుంచి, కొన్ని రసాయనాల నుంచి కాపాడే ఒక ఎంజైము ఉంది. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది, తల్లి వైపు నుంచి వస్తుంది. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. చాలామంది తమకు ఈ లోపం ఉందని తెలియకుండానే జీవితం గడిపేస్తారు. ఏదైనా పడనిది ఒంట్లోకి వెళ్లినప్పుడే రెండు మూడు రోజుల్లో రక్తం ఒక్కసారిగా విరుగుతుంది.

ఆ పడనివి ఏమిటి? మొదటిది ప్రైమాక్విన్. మలేరియాలో ఒక రకానికి 14 రోజులు ఇచ్చే మాత్ర ఇది. ఈ ఎంజైము లోపాన్ని 1956లో అమెరికాలో కనిపెట్టింది కూడా ప్రైమాక్విన్ వేసుకున్న కొందరికి రక్తం ఎందుకు విరుగుతోందని వెతుకుతూనే. డాప్సోన్, మూత్రంలో మంటకు ఇచ్చే నైట్రోఫ్యురాంటోయిన్ వంటివీ ఈ జాబితాలో ఉన్నాయి. కాబట్టి జి-6-పి-డి లోపం ఉన్నవారు ఆ చీటీ జేబులో ఉంచుకుని, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించాలి. మెడికల్ షాపులో అడిగి మందులు తెచ్చుకునే అలవాటు వీరికి అందరికన్నా ప్రమాదం.

రెండోది మన సందూకుల్లో ఉంది. బట్టల మధ్య వేసే కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్. పెద్ద బిడ్డ చిన్నప్పటి బట్టలు, శాలువాలు పెట్టెలో నుంచి తీసి అలాగే పసికందుకు తొడుగుతాం. ఆ లోపం ఉన్న బిడ్డకు ఆ వాసన పీల్చడం, ఆ బట్ట ఒంటికి తగలడం కూడా చాలు. బట్టలు ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే తొడగండి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు వాడకపోవడం ఇంకా మంచిది.

మూడోది మెహందీ. పెద్దలు చేతులకు పెట్టుకునే దాని గురించి కాదు మేము చెప్పేది. పసిబిడ్డ చర్మం పల్చన, ఒళ్లు చిన్నది. ముచ్చటపడి అరచేతులకు, అరికాళ్లకు, నెత్తికి మెహందీ పట్టిస్తే, ఈ లోపం ఉన్న శిశువులకు రక్తం విరిగి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు గల్ఫ్ దేశాల వైద్యులు రాశారు. ఛటీకో, అఖీకాకో పసికందుకు మెహందీ పెట్టకపోతే ఏ సున్నతూ తప్పిపోదు.

నాలుగోది ఫూల్. జిద్దాలో, రియాద్‌లో పనిచేసి వచ్చిన సోదరులకు బాగా తెలుసు, పొద్దున నాష్తాకు రొట్టెతో తినే గింజలు. అవి ఫావా చిక్కుళ్లు. జి-6-పి-డి లోపం ఉన్నవారికి అవి పడవు. మన ఇళ్లలో వండే చిక్కుడు వేరు, దాన్ని చూసి భయపడక్కర్లేదు.

పుట్టిన బిడ్డ విషయంలో మరో జాగ్రత్త. మొదటి 24 గంటల్లోనే బిడ్డ పచ్చబడినా, పచ్చదనం అరచేతులకు, అరికాళ్లకు పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఎండలో పెడితే తగ్గుతుందని ఇంట్లో కూర్చోకండి. ఆ పసుపు మెదడుకు ఎక్కితే చెవుడు, చేతులు కాళ్లు బిగుసుకుపోవడం జీవితాంతం ఉండిపోతాయి. నీలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రిలో నీలి దీపాల కింద ఉంచి చేసే చికిత్స సకాలంలో అందితే ఆ ముప్పు తప్పుతుంది.

రెండోది: తలసేమియా

మన ఇవాళ్టి మాటకు గుండెకాయ ఇదే. హిమోగ్లోబిన్‌లో రెండు రకాల గొలుసులుంటాయి, ఆల్ఫా, బీటా. అవి జతగా ఉండాలి. బీటా గొలుసు సరిగా తయారుకాకపోతే, జత దొరకని ఆల్ఫా గొలుసులు కణంలోనే ముద్ద కట్టి దాన్ని చంపేస్తాయి. చాలా కణాలు మూలుగలోనే, బయటికి రాకముందే చచ్చిపోతాయి. వచ్చినవి ప్లీహంలో విరుగుతాయి. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టర్ ఈ జబ్బును వివరించాడు.

ఈ బిడ్డ పుట్టినప్పుడు అందరిలాగే ఉంటాడు. ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలవుతుంది. పాలు తాగడు, బరువు పెరగడు, పొట్ట ఉబ్బుతుంది. చికిత్స లేకపోతే మూలుగ పొంగి నుదురు, చెంప ఎముకలు ముందుకు వస్తాయి. ఇక అక్కడి నుంచి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. జీవితాంతం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే మార్గం శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. రక్తం సక్రమంగా ఎక్కించుకుంటూ, ఇనుము తీసే మందులు మానేసిన పిల్లలు ఎదిగే వయసులో గుండె చెడి చనిపోతారు. డెఫెరాసిరాక్స్ మాత్రలు, డెఫెరిప్రోన్ గుళికలు, పంపుతో ఎక్కించే డెస్‌ఫెరాల్, వీటిలో డాక్టర్ చెప్పింది ఏదైనా మానకుండా వాడాలి. రక్తం ఎంత ముఖ్యమో ఆ మాత్ర అంతే ముఖ్యం.

మన దేశంలో ఏటా 10,000 మందికి పైగా బిడ్డలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు నలుగురు దీనికి ‘క్యారియర్లు’, అంటే వాహకులు. వాహకుడు రోగి కాడు. ఈ మాట మళ్లీ చెబుతాం, వాహకుడు రోగి కాడు. అతనికి జబ్బు రాదు, ఆయుష్షు తగ్గదు, పనిలో లోటుండదు. రక్తం కాస్త తక్కువగా ఉంటుంది, అంతే. కానీ భార్యాభర్తలు ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భానికీ నాలుగింట ఒక వంతు తలసేమియా బిడ్డ పుట్టే అవకాశం ఉంది. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు’ అనుకునేవారున్నారు. అది తప్పు. ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటి నుంచే.

మూడోది: సికిల్ సెల్

ఇందులో ఎర్రకణం గుండ్రంగా ఉండకుండా కొడవలిలా వంగుతుంది. త్వరగా విరుగుతుంది, సన్న నాళాల్లో ఇరుక్కుని భరించలేని ఎముకల నొప్పులు తెస్తుంది. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి కొండల్లో మొదట గుర్తించారు. మన దగ్గర ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీల్లో, అటు పాడేరు వైపు గిరిజనుల్లో ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించి, 2047 గడువుగా పెట్టుకుంది. తలసేమియా వాహకునికీ సికిల్ సెల్ వాహకునికీ పెళ్లయితే కూడా బిడ్డకు జబ్బు రావచ్చు. ఒంట్లో నీరు తగ్గితే ఈ రోగులకు నొప్పులు లేస్తాయి. కాబట్టి రమజాన్ ఉపవాసాల విషయం వీరు ముందుగానే డాక్టర్‌నూ, ముఫ్తీ సాహెబ్‌నూ అడగాలి.

ఇది శాపం కాదు, ఐబ్ కాదు

ఈ జబ్బులు మన ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? దీనికి జవాబులో మన నగరానికి కూడా చోటుంది. మలేరియా పురుగు దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఒక ఆలోచన చెప్పాడు. తలసేమియా వాహకులు మలేరియాను తట్టుకుని బతికి ఉంటారు, అందుకే మలేరియా ఉన్న చోట్ల ఈ లక్షణం తరతరాలుగా నిలిచిపోయింది అని. జి-6-పి-డి లోపం, సికిల్ సెల్ విషయంలోనూ తర్వాతి పరిశోధనలు ఇదే దారి చూపాయి. ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు.

దీని అర్థం ఏమిటి? ఈ లక్షణం మన రక్తంలో ఉందంటే మన తాతముత్తాతలు మలేరియా రోజుల్లో చావకుండా బతికారని అర్థం. ఎవరో చేసిన పాపం కాదు, దిష్టి కాదు, కోడలు తెచ్చిన దరిద్రం కాదు. దాచుకోవాల్సిన ఐబ్ కానే కాదు.

దగ్గరి సంబంధాల లెక్క

చాచా, ఫుప్పూ, మామూ, ఖాలా బిడ్డల మధ్య పెళ్లిళ్లు మనలో మామూలే. తెలుగు హిందూ కుటుంబాల్లోనూ మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఉన్నాయి. కాబట్టి ఇది ఏ ఒక్క మతం సంగతీ కాదు. షరీఅత్ ఈ పెళ్లిళ్లను అనుమతించింది, తప్పనిసరి చేయలేదు. వద్దని చెప్పడానికి మేమెవరం? లెక్క మాత్రం చెబుతాం.

నూటికి నలుగురు వాహకులనుకుందాం. అంటే 25 మందిలో ఒకరు. అబ్బాయి వాహకుడైతే, బయటి సంబంధం అమ్మాయి కూడా వాహకురాలు కావడానికి 25లో ఒక వంతు అవకాశం. అదే అమ్మాయి అతని చాచా కూతురో, ఖాలా కూతురో అయితే, ఒకే తాత లేక నానమ్మ నుంచి అదే లక్షణం ఆమెకూ వచ్చి ఉండడానికి 8లో ఒక వంతు అవకాశం ఉంది. మూడు రెట్లు. కాబట్టి దగ్గరి సంబంధం చేసుకునేవారు పరీక్ష ఇంకా తప్పకుండా చేయించుకోవాలి. బయటి సంబంధమైతే పరీక్ష అక్కర్లేదని మాత్రం అనుకోకండి. ఒకే వంశం కాని దంపతులకూ ఈ బిడ్డలు పుడుతున్నారు.

పరీక్ష ఎలా?

రెండు మెట్లు. మొదటిది ఏ ల్యాబ్‌లోనైనా చేసే సాధారణ రక్తపరీక్ష, సి.బి.పి. అందులో ఎమ్.సి.వి. అనే అంకె 80 కన్నా తక్కువ, ఎమ్.సి.హెచ్. 27 కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి. రెండోది హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఎ2 నూటికి 3.5 దాటితే సాధారణంగా తలసేమియా వాహకులని అర్థం. సికిల్ సెల్ కూడా ఇదే పరీక్షలో బయటపడుతుంది. రెండూ చేయించుకోవడం ఉత్తమం. మూడు నెలల్లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఒంట్లో ఇనుము బాగా తక్కువగా ఉన్నా ఎ2 అంకె కాస్త తగ్గి కనిపించవచ్చు. అందుకే కాగితం చేతికి రాగానే మీరే తీర్పు చెప్పుకోకండి, డాక్టర్‌కు చూపించండి.

ఏళ్ల తరబడి ‘రక్తం తక్కువ’ అని ఐరన్ టానిక్కులు తాగుతున్నా హిమోగ్లోబిన్ పెరగని సోదరీమణులు మనలో చాలామంది ఉన్నారు. వారిలో కొందరు తలసేమియా వాహకులు కావచ్చు. వారికి కావాల్సింది ఇంకో టానిక్ సీసా కాదు, ఈ పరీక్ష. జీవితంలో ఒక్కసారి చాలు. ఖర్చు వలీమాలో ఒక్క దస్తర్‌ఖాన్ ఖర్చు కన్నా తక్కువ.

మొదట అబ్బాయికి

ఇవాళ మేము అసలు చెప్పదలచుకున్నది ఇది. సంబంధాలు చూసే చోట పరీక్ష మాట ఎత్తితే, మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ‘అమ్మాయికి చేయించండి’ అంటారు. చదువు, రంగు, ఎత్తు, జహేజ్ చూసిన కళ్లతోనే ఈ కాగితమూ చూస్తారు. ఆమె వాహకురాలని తెలిస్తే సంబంధం పోతుంది, మాట గల్లీలో పాకుతుంది, చెల్లెళ్ల సంబంధాలూ చెడతాయి. ఆ భయంతోనే తల్లిదండ్రులు పరీక్ష పేరెత్తరు. చివరికి బాధ పడేది పుట్టే బిడ్డ.

కాబట్టి వరస మార్చమంటున్నాం. పరీక్ష మొదట అబ్బాయికి చేయించండి. వాహకుడు కాదని తేలితే, అమ్మాయి వాహకురాలైనా కాకపోయినా ఈ జబ్బు ముదిరిన రూపంతో బిడ్డ పుట్టే భయం ఉండదు. పెళ్లి కోసం అమ్మాయిని పరీక్ష అడగాల్సిన పనే లేదు. నూటికి 96 సంబంధాల్లో విషయం అక్కడితో తేలిపోతుంది. ఏ ఆడపిల్ల మీదా మాట పడదు. అబ్బాయి వాహకుడైతేనే అమ్మాయికి చేయించాలి. అబ్బాయిల తండ్రులారా, జోడే కీ రఖం అడగడానికి సిగ్గుపడని మనం, కొడుకు చేతిలోంచి నాలుగు చుక్కల రక్తం ఇవ్వడానికి వెనకాడవద్దు.

ఎప్పుడు? మాట ఖాయం కాకముందు. సాంచక్ నాడు కాదు, కార్డులు పంచాక కాదు. ఇంకా మంచిది, డిగ్రీ చదివే వయసులో పిల్లలకు చేయించి కాగితం దాచడం. ఫలితం అమానత్. పరీక్ష చేయించుకున్నవారికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. సంబంధాలు కుదిర్చే మష్షాతాలకు, మధ్యవర్తులకు మా ప్రత్యేక మనవి: ‘అబ్బాయి రిపోర్టు ఉందా?’ అని అడగడం అలవాటు చేసుకోండి, కానీ ఎవరి రిపోర్టూ ఇంకో ఇంట్లో చెప్పకండి.

ఇద్దరూ వాహకులని తేలితే? నిర్ణయం వారిదే. వేరే సంబంధం చూసుకోవచ్చు. పెళ్లి చేసుకోదలిస్తే, లేక ఇప్పటికే పెళ్లయి ఉంటే, గర్భం 10 నుంచి 12 వారాల్లో బిడ్డకు పరీక్ష చేసి తెలుసుకునే వీలుంది. ఆ తర్వాత ఏం చేయాలన్నది బరువైన ప్రశ్న. 1990లో మక్కాలో సమావేశమైన ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి, పిండానికి నయంకాని తీవ్ర లోపం ఉందని నమ్మకమైన వైద్యుల బృందం తేల్చితే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు గర్భస్రావానికి అనుమతి ఇచ్చింది. ఉలమాలో వేరే అభిప్రాయాలూ ఉన్నాయి. ఫత్వా చెప్పడం మా పని కాదు. అలాంటి దంపతులు ఆలస్యం చేయకుండా డాక్టర్‌నూ, తాము నమ్మే ఆలిమ్‌నూ కలవాలి. గర్భం దాల్చాక కాకుండా ముందే కలవడం మేలు.

ఇతరులు చేసి చూపించారు

సైప్రస్ ద్వీపంలో ఒకప్పుడు తలసేమియా చాలా ఎక్కువ. అక్కడి చర్చి, పెళ్లికి వచ్చే జంట పరీక్ష చేయించుకున్నట్టు కాగితం తేవాలని నియమం పెట్టింది. పెళ్లి ఆపలేదు, తెలుసుకుని చేసుకోమంది. కొన్నేళ్లలోనే కొత్తగా జబ్బుతో పుట్టే బిడ్డలు దాదాపు లేకుండా పోయారు. ఇరాన్ 1997లో పెళ్లికి ముందు పరీక్షను తప్పనిసరి చేసింది. సౌదీ అరేబియా 2004 నుంచి అదే చేస్తోంది. అక్కడ పనిచేసే మన వాళ్లు ఆ కాగితాలు చూసే ఉంటారు. అక్కడ తప్పు కానిది ఇక్కడ సిగ్గు ఎందుకవుతుంది? చట్టం వచ్చే దాకా ఆగక్కర్లేదు. జుమా ఖుత్బాకు ముందు చేసే బయాన్‌లో ఇమామ్ సాహెబ్‌లు ఏడాదికి రెండుసార్లు ఈ మాట చెబితే, నికాహ్ చదివించే ఖాజీ సాహెబ్‌లు పరీక్ష సంగతి ఒక్కసారి అడిగితే, చట్టం చేయలేని పని జరుగుతుంది.

ఇప్పటికే జబ్బుతో ఉన్న బిడ్డలు

ముందు జాగ్రత్త గురించి ఇంతసేపు చెప్పాం. అలాగని ఇప్పటికే జబ్బుతో ఉన్న బిడ్డలను మరిచిపోలేం. వారు పుట్టకుండా ఉండాల్సినవారు కాదు, మన బిడ్డలు. చికిత్స సక్రమంగా అందితే చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు.

మన నగరంలో 1998లో రోగుల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని స్థాపించారు. ఇప్పుడది శివరాంపల్లిలో, పోలీస్ అకాడమీ ఎదుట ఉంది. రక్తం ఎక్కించడం, పరీక్షలు, సలహా అన్నీ అక్కడ ఒకే చోట దొరుకుతాయి. ప్రభుత్వ రక్తనిధి కేంద్రాలు ఈ రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలన్నది జాతీయ విధానం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా మూడింటినీ వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్టిఫికెట్ తీసుకోండి, పిల్లల చదువుకు పనికొస్తుంది. మూలుగ మార్పిడితో ఈ జబ్బు పూర్తిగా నయం కావచ్చు. తోడబుట్టినవారిలో ఒక్కొక్కరి మూలుగ సరిపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కోల్ ఇండియా నిధులతో 2017లో మొదలైన తలసేమియా బాల సేవా యోజన ద్వారా, ఎంపికైన ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్‌కు 10 లక్షల రూపాయల దాకా సహాయం ఉంది. మార్పిడి ఆలోచన ఉంటే ఆ బిడ్డకు సొంత అన్నదమ్ముల, తల్లిదండ్రుల రక్తం ఎక్కించకండి, డాక్టర్‌ను ముందే అడగండి.

ఇక రక్తం. ఎదుగుతున్న ఒక బిడ్డకు ఏడాదికి 20 యూనిట్లు కావాలనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న మగవారు మూడు నెలలకోసారి, స్త్రీలు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. వయసు 18 నుంచి 65, బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. అంటే ఏడాదికి నాలుగు సార్లు ఇచ్చే అయిదుగురు యువకులు ఒక బిడ్డ ప్రాణాన్ని ఏడాదంతా మోయగలరు. గల్లీకి అయిదుగురు దొరకరా? మీలాద్ సమయంలో, ముహర్రం రోజుల్లో పాతబస్తీలో యువకులు రక్తదాన శిబిరాలు పెడుతున్నారు, అల్లాహ్ వారికి ప్రతిఫలం ఇవ్వాలి. కానీ శిబిరం రోజున రక్తం పొంగుతుంది, ఎండాకాలంలో, రమజాన్‌లో కరువవుతుంది. బిడ్డకు మాత్రం రమజాన్‌లోనూ మూడో వారం వస్తుంది. ఇఫ్తార్ తర్వాత, తరావీహ్ ముగిశాక రక్తం ఇచ్చే ఏర్పాటు మస్జిద్ కమిటీలు చేయగలిగితే అది ఆ నెలకు తగిన సదఖా.

మా మనవి

చివరగా నాలుగు మాటలు. ఇంట్లో పెళ్లీడు అబ్బాయి ఉంటే ఈ నెలలోనే పరీక్ష చేయించండి. పెళ్లయి, ఇంకా పిల్లలు కావాల్సిన దంపతులు భర్తతో మొదలుపెట్టండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లోంచి కలరా ఉండలు తీసేయండి. ప్రతి మస్జిద్ కింద అయిదుగురు దాతల పేర్లు రాసి మా కార్యాలయానికి ఇవ్వండి. పరీక్ష ఖర్చు భరించలేని కుటుంబాలకు సంఘమే భరిస్తుంది. మందుల కోసం జకాత్ ఇవ్వదలచినవారు ఉలమా సలహాతో వేరుగా ఇవ్వండి, వేరుగానే లెక్క రాస్తాం.

ఒక్క ప్రాణాన్ని కాపాడడం ఎంత గొప్ప పుణ్యమో ఈ సభలో ఎవరికీ మేము చెప్పనక్కర్లేదు. బిడ్డను జబ్బు పడకుండా ఆపగలిగే జ్ఞానం అల్లాహ్ మన చేతికి అందించాడు. వాడుకోవడం మన వంతు. మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని, రోగంతో ఉన్నవారికి షిఫాను, వారి తల్లులకు సబ్ర్‌ను ఆయన ప్రసాదించు గాక. ఆమీన్.